ఫ్యాను లేని రెగ్యులేటరు

రాజనర్సుకు ఈ లోకంలో దేనితోనూ పేచీ లేదు, వెలుతురు ఒక్కసారిగా రావడంతో తప్ప. వెలుతురు రావాలి, కాదనడు. కానీ వాకిట్లో చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, "ఇంట్ల ఉన్నరా?" అని పిలిచి మరీ లోపలికి రావాలి. స్విచ్ వేయగానే భగ్గున మీద పడే లైటంటే ఆయనకు, పిలవని పెళ్లికి వచ్చి మొదటి పంక్తిలో కూర్చున్నవాడి మీద ఉన్నంత కోపం.

సిరిసిల్లలో మరమగ్గాల వాడకట్టులో ఆయన ఇల్లు. ఆ పక్కింట్లోకి నీల చిన్నారి కూతురు శ్రావ్యతో కొత్తగా అద్దెకు దిగిన రోజు, సాయంత్రం గ్లాసు పట్టుకుని పాలకోసం ఆయన ఇంటికి వెళ్లింది. గోడకు ఫ్యాను రెగ్యులేటరు ఉంది. పైకి చూస్తే ఫ్యాను లేదు. రెగ్యులేటరు తీగ గోడవెంట పాకిపోయి ఒక నూరు క్యాండిల్ బల్బును చేరుకుంది. బల్బు ఒకటో నంబరు మీద ఎర్రగా కునుకు తీస్తోంది. రాజనర్సు దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పెద్దబాపూ, జరన్ని పాలు..."

"ఆగు బిడ్డా. ఇంక రెండో నంబరన్న పడలే."

ఐదో నంబరు పడేసరికి ఆమె ఎందుకొచ్చిందో ఇద్దరూ మరిచిపోయారు. వంటింట్లోంచి ఆయన భార్య మల్లవ్వ అరిచింది. "గా పిల్లకు పాలియ్యరాదు! తెల్లారేటట్టున్నది!"

"తెల్లారుడు గూడ గిట్లనే తెల్లారుతదే. సూర్యుడు ఎన్నడన్న టక్కున అచ్చిండా?"

మల్లవ్వ సూర్యుడి జోలికి పోలేదు. పాలున్నాయి, ఇచ్చింది.

ఈ జబ్బు చేపల వల్ల అంటుకుంది. నూలు కోసం హైదరాబాదు పోయినప్పుడు రాజనర్సు ఒక దుకాణంలో అద్దాల తొట్టి చూశాడు. అందులో సముద్రపు చేపలు, వాటి వెనక పగడాల దిబ్బ. అచ్చం అట్లాంటిదే కావాలన్నాడు. దానికి ఉప్పునీళ్లు కావాలి, నీతో కాదు పొమ్మన్నాడు దుకాణదారు. "ఉప్పుకేం తక్కువ? మా కనకయ్య దుకాణంల బస్తాలకు బస్తాలున్నయ్" అన్నాడు రాజనర్సు. దుకాణదారు కడుపు పట్టుకుని నవ్వి, మామూలు నీళ్లలో బతికే బంగారు చేపలు నాలుగిచ్చి, ఒక జాగ్రత్త చెప్పాడు. చీకట్లో ఉన్న తొట్టి మీద ఒక్కసారిగా లైటు వేయొద్దు. చేపలు బెదిరి అద్దానికి కొట్టుకుంటాయి. పగడాలైతే అలవాటు లేని వెలుగు మీద పడితే తెల్లగా పాలిపోతాయి. ఏదైనా మెల్లమెల్లగా పెంచాలి.

చేపలు బస్సులో వచ్చి సిరిసిల్లలో దిగాయి. ఆ మాట మాత్రం రాజనర్సు తలకెక్కి ఇక దిగలేదు.

"మనమైతే కండ్లు మూసుకుంటం బిడ్డా. చేపకు రెప్పలే ఉండయ్. గదేం మూసుకోవాలె?" అని ఒకరోజు నీలను అడిగాడు. నీల జగిత్యాలలో బీఎస్సీ చదివింది. "నిజమే పెద్దబాపూ, మా పుస్తకంల గూడ గట్లనే ఉంటది" అంది. అనకుండా ఉండాల్సింది. మర్నాటికల్లా వాడకట్టంతా ఒకటే చాటింపు. "సైన్సు ఒప్పుకున్నది! నీల బీఎస్సీ, జగిత్యాల!"

అవి కరెంటు కోతల రోజులు. కరెంటు పోతే ఎవరూ స్విచ్ ఆర్పరు. బల్బు వెలిగితేనే కదా వచ్చిందని తెలిసేది. రాజనర్సుకు ఇంతకన్నా అనాగరికం మరొకటి కనిపించలేదు. కరెంటు పోవడం ఆలస్యం, పంచె ఎగ్గట్టి ఇల్లిల్లూ తిరిగి, టప్పు టప్పున స్విచ్చులన్నీ ఆర్పి వచ్చేవాడు. నీ చేపలకు మా ఇంటి లైటుతో ఏం పని అంటే, "కిటికీల నుంచి పడ్తది" అనేవాడు. నాలుగిళ్ల అవతల కిటికీ లేని ఇంట్లో కూడా ఆర్పేవాడు.

ఒకరోజు వాడకట్టంతా అరుగుల మీద కూర్చుని విసనకర్రలతో విసురుకుంటోంది. కనకయ్య చెవి రిక్కించాడు. "పక్క వాడకట్టుల మగ్గాలు మోగుతున్నయ్ ఏందే?"

"జనరేటర్ కొన్నరు కావచ్చు" అన్నాడు రాజనర్సు.

"అందరు కొన్నరా?"

కరెంటు వచ్చి గంట దాటింది. ఆ తర్వాత వాడకట్టు ఆయనను ఏమన్నదో ఇక్కడ రాసేందుకు వీల్లేదు. ఆయన మాత్రం, "జర మెల్లగ అస్తే ఏమాయె" అన్నాడు.

నీల ఒక్కతే ఎప్పుడూ ఏమీ అనలేదు. ఆమెకు కారణముంది. ఆ ఏడు ఎండాకాలంలో ఒక రాత్రి, ఎవరికోసమో వెతుకుతూ ఇంట్లోకి వచ్చినవాళ్లు నిద్రపోతున్న శ్రావ్య ముఖం మీద టార్చి వేశారు. వచ్చినవాళ్లు ఎవరని ఆ ఏళ్లలో ఎవరూ అడిగేవారు కాదు. పోలీసులైనా, అడవిలోని అన్నలైనా టార్చి ఒకటే. అప్పటినుంచి లైటు భగ్గుమంటే చాలు, రెండేళ్ల పిల్ల కెవ్వుమని ఏడ్చి, ఆ ఏడుపు మధ్యలోనే ఊపిరి బిగబట్టి, పెదాలు నీలంగా మారిపోయేది. కరీంనగర్ డాక్టరు, పెద్దయితే పోతుందన్నాడు. నీలకూ తెలుసు, పుస్తకంలో చదివింది. కానీ పిల్ల ఒళ్లో నీలమెక్కుతుంటే ఏ పుస్తకమూ గుర్తుకురాదు. భర్త పేరు ఆనందం, ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, సెలవుకే వస్తాడు. అతనికి తప్ప ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు. ఆ ముసలాయన చేపలు నూరేళ్లు బతకాలని మాత్రం రోజూ దండం పెట్టుకునేది.

సాయంత్రమయ్యేసరికి రాజనర్సు శ్రావ్యను ఎత్తుకుని రెగ్యులేటరు తిప్పించేవాడు. "ఒకటి. ఇగ ఆగాలె. చేపలు లేవాలె గద."

"తాతా, చేపలేవి?"

"పండుకున్నయ్ తల్లీ." తొట్టి మీద ఎప్పుడూ నల్లగుడ్డ కప్పి ఉండేది. ఈ చేపలకు నిద్ర కాస్త ఎక్కువేనని నీలకు అనిపించేది.

ఒకరోజు పొద్దుగూకే వేళ వాకిట్లో జీపు ఆగింది. ఎస్సై ఆ ఊరికి కొత్త, కోస్తావైపు మనిషి. లోపలికి వచ్చి, ఇంకా తిప్పని రెగ్యులేటరు దగ్గర నిలబడ్డ రాజనర్సును కిందినుంచి మీదివరకు చూశాడు.

"రోజూ సాయంత్రం ఈ కిటికీలో లైటు ఐదుసార్లు మారుతోందట. కరెంటు పోగానే వీధి వీధంతా చీకటి చేస్తున్నావట. ఎవరికయ్యా ఈ సైగలు?"

"చేపలకు సార్."

వెంట వచ్చిన కానిస్టేబులు నవ్వబోయి మీసం సర్దుకున్నాడు.

"ఒకటో నంబరంటే ఏమిటి? ఒక్కడొచ్చాడనా?"

"చేప సగం లేసినట్టు సార్."

"ఐదో నంబరంటే?"

"పూర లేసి తెలివైనట్టు."

"నాకూ అలాగే అనిపిస్తోంది. ఆ గుడ్డ తియ్."

రాజనర్సు కదలలేదు. "పండుకున్నయ్ సార్."

"లేపు!"

చప్పుడు విని, పిల్లను చంకనేసుకుని వచ్చిన నీల గడప దగ్గరే ఆగిపోయింది. ఆ రోజుల్లో జీపెక్కినవాడు ఎప్పుడు దిగుతాడో ఎక్కించినవాళ్లకే తెలిసేది కాదు. ఎస్సై తనే గుడ్డ లాగాడు. తొట్టిలో నీళ్లున్నాయి, గులకరాళ్లున్నాయి. చేపలు లేవు.

"ఏవీ?"

"ఎండకాలం కోతలల్ల గాలి పంపు ఆగి... సచ్చిపోయినయ్ సార్."

"అంటే ఇన్ని నెలలుగా లేని చేపలకు లైటు వేస్తున్నావు! ఎవరికోసమో చెబుతావా, జీపెక్కుతావా?"

మల్లవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రాజనర్సు తల వంచుకున్నాడు. కానీ కళ్లు ఒక్కసారి గడపవైపు పోయి, తప్పు చేసినట్టు వెనక్కి వచ్చేశాయి. ఎస్సై అది పట్టుకున్నాడు. గిర్రున తిరిగి, గడపలో ఎవరున్నారో చూద్దామని టార్చి వేశాడు.

వెలుగు సూటిగా శ్రావ్య ముఖాన పడింది. పిల్ల కెవ్వుమంది, ఆ కేక సగంలో తెగిపోయింది. పెదాలు నీలమెక్కాయి. "శ్రావ్యా! శ్రావ్యా!" అంటూ నీల ముఖం మీద ఊదసాగింది.

అంతదాకా తల వంచుకుని ఉన్న రాజనర్సు గర్జించాడు. "బందు చెయ్యయ్యా గా లైటు!"

ఎస్సై ఎంత ఉలిక్కిపడ్డాడంటే, తనెవరో మరిచిపోయి టక్కున బందు చేశాడు. చీకట్లో పిల్ల ఊపిరి గురక పెట్టి, మళ్లీ ఏడుపై వచ్చింది. ఆ ఏడుపు ఆ ఇంట్లో అందరికీ సన్నాయిలా వినిపించింది.

"గీ పొల్ల కోసం సార్," అన్నాడు రాజనర్సు మెల్లగా. "ఏ పూట ఎవరింట్ల ఆడుకుంటదో తెల్వదాయె. పిచ్చి రాజనర్సు చేపల కోసమంటే వాడకట్టంత నవ్వుకుంట ఆర్పుకుంటరు. పొల్ల కోసమంటే ఒకనాడు ఆర్పుతరు, ఒకనాడు మరుస్తరు. మీదికెల్లి బెదురుపొల్ల అని పేరు పెడ్తరు. ఆడపిల్ల, పేరు పడితే పోదు. నాకెట్లనూ పిచ్చోడని పేరున్నది. ఇంకింత పిచ్చి ఏం బరువు?"

"నీకెట్ల తెలుసు పెద్దబాపూ?" అంది నీల.

"నడుమ ఒక్కటే గోడ గద బిడ్డా."

ఎస్సై టోపీ తీసి టార్చికి తొడిగాడు. అప్పుడు టార్చి వేసి, టోపీ అంచును ఒక పక్కనుంచి కొద్దికొద్దిగా పైకెత్తసాగాడు. నేలమీద సన్నని వెలుగు గీత పడింది. శ్రావ్య తల్లి భుజం మీదనుంచి ఒంటికన్నుతో చూసింది. ఏడవలేదు. గీత రొట్టెంత అయింది.

రాజనర్సు తమాయించుకోలేకపోయాడు. "తొందరపడ్తున్నరు సార్. ఇంక రెండో నంబరన్న పడలే."

ఎస్సై బుద్ధిగా టోపీ దించి, మళ్లీ మొదలుపెట్టాడు.

పోతూ పోతూ జీపులోంచి తల బయటపెట్టాడు. "చేపల్ని కొనుక్కోవయ్యా! నా తర్వాత వచ్చేవాడికి నేనేం చెప్పుకోను?"

చేపలు వచ్చాయి. వానలు వచ్చి పోయాయి. ఒక సాయంత్రం కరెంటు పోయిన వేళ రాజనర్సు మంగలి ముందు కూర్చుని ఉన్నాడు. ఒక చెంప అయింది, ఒక చెంపకు నురగ ఉంది. ఇంతలో, చెప్పాపెట్టకుండా, కరెంటు వచ్చేసింది. నీల ఆ రోజు స్విచ్ ఆర్పడం మరిచిపోయింది. గది భగ్గుమంది. ఆమె చేతిలోని చాట వదిలేసి లోపలికి ఉరికింది. అటునుంచి నురగతోనే రాజనర్సు ఉరికి వచ్చాడు.

శ్రావ్య గది మధ్యలో రెండు చేతులతో కళ్లు మూసుకుని నిలబడి ఉంది. ఏడుపు లేదు. నీల అడుగు వేయబోతే రాజనర్సు చెయ్యి అడ్డం పెట్టాడు. పిల్ల ఒక వేలు తీసి, సందులోంచి చూసింది. కాసేపు ఆగింది. ఇంకో వేలు తీసింది. మళ్లీ ఆగింది. ఎవరి తొందరా లేకుండా, తన ఇష్టప్రకారం అన్ని వేళ్లూ తీసి, బల్బువైపు చూసి, "వచ్చింది" అని చెప్పి బొమ్మలు వెతుక్కుంటూ పోయింది.

నీల గోడకు ఆనుకుని కూలబడి నవ్వసాగింది. ఆయన వెనకే ఆయాసపడుతూ వచ్చిన మల్లవ్వ, "ఇగ నీ కొలువు పోయింది పో!" అంది.

రాజనర్సు కాసేపు మూతి ముడుచుకుని నిలబడ్డాడు. తర్వాత ముఖం తేటపడింది, మెల్లమెల్లగా.

"పోతే పోనియ్యి. కనకయ్య కోడలుకు నెలలు నిండినయ్" అని, చెంప మీది నురగతోనే, వాళ్లింట్లో స్విచ్చులెక్కడెక్కడున్నాయో చూసిరావడానికి బయల్దేరాడు.