మేడమ్‌ని అంచు దాటించిన పువ్వు

2023 నవంబరు. అనంతగిరి మండలంలో ఒక కాఫీ తోట చివర, నిట్టనిలువు రాతి కొండ అంచున ఉన్నాం. నా వృత్తి రోప్ యాక్సెస్. టవర్లు, వంతెనలు తనిఖీ చేసేవాళ్లను తాళ్ల మీద దించి, క్షేమంగా పైకి తేవడం నా పని.

ఆ రోజు దిగాల్సింది ఒక బోటనీ మేడమ్. చేమంతి కుటుంబానికి చెందిన అరుదైన పసుపు పువ్వు అక్కడి రాతి పగుళ్లలో పూసిందని తెలిసి వచ్చారు. ఎండబెట్టిన నమూనాలో తప్ప ఆవిడ దాన్ని ఎన్నడూ చూడలేదు. ఇది అదో కాదో తేల్చాలంటే ఆకు అడుగున నూగును భూతద్దంతో చూడాలి. డ్రోన్ ఫొటోల్లో అది తెలియలేదు. మళ్లీ పూత వచ్చేసరికి ఆవిడ రిటైరైపోతారు.

రెండు తాళ్లు, రెండు యాంకర్లు. యాంకర్ అంటే తాడును కట్టే ఆధారం. ఒకటి బండకు, రెండోది తోట యజమానురాలు బంగారమ్మగారి పనసచెట్టుకు.

“ఏటి బాబూ, మేడమ్‌ని మా సెట్టుకి కట్టేత్తన్నావు? ఏం తప్పు సేసినారేటి?” అన్నారామె.

మేడమ్ నవ్వారు. కానీ అంచుకు వీపు పెట్టి నిలబడగానే, వెనక్కి వాలకుండా తాడు పట్టుకుని ఆగిపోయారు. నాకు తెలిసిన పద్ధతిలో ధైర్యం చెప్పాను. తాడు ఎంత బరువు మోస్తుంది, ఒకటి తెగితే రెండోది ఎలా పట్టుకుంటుంది, అన్నీ వరసగా.

“తెగుతుందా?” అంటూ మేడమ్ నా వైపు ఒక అడుగు వేశారు.

“నువ్వు ఊరుకో బాబూ, ఆవిడ బేగి దిగుతారు!” అని నన్ను కసిరారు బంగారమ్మగారు.

నేను మాట మార్చి, “ఆ పువ్వుకు రేకులెన్ని మేడమ్?” అన్నాను.

“అది ఒక పువ్వు కాదయ్యా, పువ్వుల గుత్తి. నువ్వు రేకు అనుకునే ఒక్కొక్కటీ ఒక పువ్వే.”

“మరి మధ్యలో ఉండే బొట్టు?”

“అదీ పువ్వులే! చిన్న చిన్నవి, గొట్టాల్లా ఉంటాయి...”

చెబుతూ చెబుతూ వెనక్కి వాలారు. నేను అడుగుతూనే ఉన్నాను, తాడు వదులుతూనే ఉన్నాను.

కాసేపటికి కింది నుంచి కేక. “నూగుంది! ఇదే! ఇదేనయ్యా!”

బంగారమ్మగారు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టేవాణ్నే, చేతిలో తాడుంది.

“పైకి లాగమంటారా మేడమ్?”

“ఇప్పుడేగా వచ్చాను! కాస్త ఎడమకు జరుపు, ఇంకో మొక్క కనిపిస్తోంది.”

“బువ్వ అక్కడికే దించమంటారేటి?” అని అరిచారు బంగారమ్మగారు.

అప్పట్నుంచి భయపడేవాళ్లకు తాళ్ల లెక్కలు చెప్పను. తాళ్ల పరీక్షలన్నీ వాళ్ల కళ్ల ముందే చేసి, కింద ఏం చూడబోతున్నారో చెప్పమంటాను. దించడానికి ఇది బాగా పనిచేస్తుంది. పైకి రప్పించడానికి మాత్రం ఏ ఉపాయమూ దొరకలేదు. మేడమ్ ఎండ పోయాకే వచ్చారు.