మనసును తోలుకురమ్మన్న బిడ్డ

నా బిడ్డ పోయింది. జగదల్‌పూర్ ఆసుపత్రికి తీసుకుపోతుంటే, తోంగ్‌పాల్ దాటిన తరువాత అంబులెన్సులోనే, నా ఒళ్లో తల పెట్టుకుని పోయింది. కళ్లు మూసుకుని ఉంది. ఇంట్లో కూడా నొప్పి ఎక్కువైనప్పుడు అట్లాగే కళ్లు మూసుకుని ధ్యానంలో ఉండేది కాబట్టి నేను పిలవలేదు. కొంత దూరం పోయాక డ్రైవరు వెనక్కి చూసి, "మాతాజీ, దీదీ పలుకుతోందా?" అని హిందీలో అడిగాడు. అప్పుడు పిలిచాను.

వానలు మొదలైన రోజుల్లో జరిగింది ఇది. అప్పటినుంచి నా మనసు ఆ బండి దిగడం లేదు. అన్నం వండుతున్నా, నాట్లకు పోయినా అందులోనే కూర్చుని ఉంటోంది. నాకు పెద్ద చదువు లేదు. నా బిడ్డ ఎట్లాంటిదో నలుగురికీ తెలియాలని వచ్చిన మాటల్లో రాస్తున్నాను.

దానికి చిన్నప్పటినుంచే సికిల్‌సెల్ అనే నెత్తురు జబ్బు. కీళ్లలో నొప్పి లేస్తే మంచం కోడు పట్టుకుని మెలికలు తిరిగేది. ఒకసారి ఆసుపత్రిలో దాని పక్క మంచం మీద కిరండూల్ నుంచి వచ్చిన ఒక ముసలామె ఉండేది. ఆంధ్రా ఆమె. ఆమె నేర్పింది దీనికి ధ్యానం. ఊపిరి లోపలికి పోవడం, బయటికి రావడం చూస్తూ ఉండాలి, మనసు పక్కకు పోతే మళ్లీ ఊపిరి దగ్గరికి తెచ్చుకోవాలి, అంతే. "ఇది ఒకరు చేసిపెట్టేది కాదమ్మా, ఎవరి మనసును వాళ్లే పట్టుకోవాలి" అని చెప్పి ఆ పెద్దామె డిశ్చార్జి అయి వెళ్లిపోయింది. నా బిడ్డకు అదే దీక్ష. మంత్రం లేదు, దక్షిణ లేదు.

ఇంటికి వచ్చాక రోజూ తెల్లవారకముందే వెనక గుమ్మం దగ్గర గోనెసంచి పరుచుకుని కూర్చునేది. నేను పక్కన చింతపండు గింజ తీస్తూ ఉండేదాన్ని. మొదట్లో నాకు భయంగా ఉండేది. ఎంతకూ కదలకపోతే ముక్కు కింద వేలు పెట్టి చూసేదాన్ని.

"ఊపిరి తీసుకుంటున్నవా బిడ్డా?"

"తీసుకుంటున్న. నీ వేలు చింతపండు వాసన కొడుతంది, తియ్యి."

దాని కోసం నేను మొక్కని దేవుడు లేడు. ఊరి తల్లికి మేక, భద్రాద్రి రాముడికి తలనీలాలు. అది వద్దనేది కాదు. "నా ఒంటి కోసం ఎన్నయినా మొక్కుకో అమ్మా. మనసును మాత్రం నేనే కూసోబెట్టుకోవాలె. మేకను ఇస్తమంటే అది వినదు" అని నవ్వేది.

ఒకరోజు నన్నూ కూర్చోబెట్టింది. "నేను లేనప్పుడు నీకు పనికొస్తది" అంది. ఆ మాటకు వీపు మీద ఒకటి వేసి, కూర్చున్నాను. కొంచెంసేపటికి అడిగింది.

"పోయిందా?"

"ఏంది?"

"నీ మనసు."

"పొయ్యి కాడికి పోయింది. గంజి పొంగుతదేమోనని."

"పోయిందని తెలిసింది కదా, తోలుకురా. తిట్టకు. తిడితే ఇంకింత దూరం పోతది."

నేను గంజి దించడానికి లేచాను. "మనసును తెమ్మంటే మనిషే పోయింది" అని వెనకనుంచి ఒకటే నవ్వు.

ధ్యానంతో దాని నొప్పి పోయిందని నేను చెప్పను. మందులు మింగింది, నెత్తురు ఎక్కించుకుంది, ఊరంతా వినపడేటట్టు ఏడ్చింది కూడా. ఒకసారి అట్లా ఏడ్చి, ముఖం తుడుచుకుని మళ్లీ గోనెసంచి మీదికి పోతుంటే ఉండబట్టలేక అడిగాను.

"ఇంత ధ్యానం చేసుకుంట మళ్ల ఏడుపేందే?"

"ఏడుపొచ్చింది, ఏడ్చిన. ఇప్పుడు కూసుంట. రెండూ నేనే చెయ్యాలె కదనే అమ్మా."

అది పోయాక పక్కింటి అక్క రోజూ వచ్చి నా దగ్గర కూర్చునేది. "ఏడ్వకు చెల్లే. ధ్యానం చేసుకున్న పిల్ల. నువ్వేడిస్తే దాని ఆత్మ ఎనక్కి తిరిగి చూస్తది" అనేది. నా మంచికే చెప్పింది. బిడ్డకు అడ్డం కాకూడదని కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఏడుపు ఆగింది. మనసు మాత్రం ఆ బండిలో ఇంకా గట్టిగా కూర్చుంది.

మొన్న పొద్దున అక్క ముందే ఏడ్చేశాను. వద్దు వద్దంటూ చెయ్యి పట్టుకుంది.

"అదే ఏడ్చేదక్కా" అన్నాను. "ధ్యానం చేసుకునే పిల్లే ఏడ్చేది. నన్ను ఏడ్వనియ్యి."

ఆమె నా చెయ్యి వదిలేసింది. తనూ ఏడ్చింది. ఇద్దరం ఏడ్చినంతసేపు ఏడ్చాం. ఆమె వెళ్లాక నేను వెనక గుమ్మం దగ్గరికి పోయి కూర్చున్నాను. బయట సన్నగా వాన పడుతోంది. ఊపిరి చూశాను. మనసు తోంగ్‌పాల్ దారి పట్టింది. తోలుకొచ్చాను. మళ్లీ పోయింది. చల్లబడిన దాని చెయ్యి దగ్గరికి, డ్రైవరు గొంతు దగ్గరికి పోయింది. తిట్టలేదు. మళ్లీ తోలుకొచ్చాను. ఈ పని నాకోసం నా బిడ్డ కూడా చేసిపెట్టగలిగేది కాదు.

కళ్లు తెరిచేసరికి వాన వెలిసింది. మనిషి అడుగు చప్పుడుకే చెదిరిపోయే కోడిపిల్లలు నా చీర కుచ్చిళ్లలో దూరి, ఒకదానికొకటి ఆనుకుని నిద్రపోతున్నాయి. తల్లికోడి ఎదురుగా తడిసిన రెక్కలతో నిలబడి నన్నే చూస్తోంది. నేను కదలలేదు.