మామిడి బదనికలో పిట్ట

ఆ రోజుల్లో నా ఒంట్లో ఏమున్నా లేకపోయినా కోపానికి మాత్రం కొదవ లేదు. ఇరవై మూడేళ్ల వయసు, కొత్త పట్టా, అంతకంటే కొత్తదైన సైన్సు మాస్టరు ఉద్యోగం. ఇన్ని ఉన్నవాడికి కోపం రాకపోతే ఇంకెవరికొస్తుంది? ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడాదో రెండేళ్లో అయింది. ప్రొద్దుటూరువాణ్ణి నేను, జమ్మలమడుగు హైస్కూల్లో చేరి, ఒక అవ్వ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఇంటి వెనక దొడ్లో పాత మామిడిచెట్టు ఒకటి, దాని కొమ్మ మీద గంపంత బదనిక. (బదనిక అంటే ఇంకో చెట్టు మీద మొలిచి, దాని రసం పీల్చి బతికే మొక్క. పిల్లలకు ఇంతే చెప్పేవాణ్ణి, ఇంతకు మించి నాకూ తెలియదు.)

శివరాత్రికి ముందు ఒక ఉదయం ఆ గుబురులోంచి పాట మొదలైంది. మొదట పిగిలిపిట్ట గొంతు, తర్వాత పసులపోలిగాడి కూత, ఆ వెంటనే డేగ అరుపు. అది విని అవ్వ కోళ్లన్నీ గంప కిందికి దూరాయి. చివర్లో నేనెన్నడూ వినని తియ్యటి ఈల ఒకటి. నాలుగు పిట్టలని నోటుబుక్కులో రాసుకున్నాను. మెడ నొప్పి పుట్టేదాకా చూసినా ఒక్కటీ కనిపించలేదు. అవ్వ వచ్చి, “ఏంది నాయనా, పొద్దున్నే చెట్టుకేసి అట్ల చూస్తాండావు?” అంది. చెప్పాను. “నాలుగు యాడివి? ఒకటే పిట్ట. ఆకు రంగులో ఉంటాది, అందరి గొంతులూ అదే పలుకుతాది. మేం బదనిక పిట్ట అంటాం” అంది. నాకు ఒళ్లు మండింది. సైన్సు మాస్టరుకు బడి గడప తొక్కని అవ్వ పాఠం చెప్పడమా?

ఆ మంటలోనే బడికి పోయి, మా దొడ్లో మామిడిచెట్టు మీదికి అరుదైన పిట్ట వస్తోందని, సోమవారానికల్లా దాని బొమ్మా అసలు పేరూ తెచ్చి గోడకు అంటిస్తానని స్టాఫ్ రూములో అందరి ముందూ చెప్పేశాను. మా డ్రాయింగు మాస్టరుకు అది చాలు. రోజూ, “ఏమప్పా, పిట్ట దొరికిందా, నువ్వే దానికి దొరికినావా?” అనేవాడు. పిల్లలు కూడా నన్ను చూసి మూతి బిగించి నవ్వడం మొదలుపెట్టారు. నా కోపం మాస్టరు మీంచి పిల్లల మీదికి, వాళ్ల మీంచి పిట్ట మీదికి పోయింది. పాడుతుంది, కనపడదు. ఇంత పొగరు పిట్టకెందుకు?

శుక్రవారం సాయంత్రానికి నాకు తోచింది, అడ్డమంతా ఆ బదనికదేనని. కొట్టేస్తానంటే అవ్వ ఒప్పుకోలేదు. “చెయ్యి పెట్టొద్దు నాయనా. ఆదివారం పుష్యమి నక్షత్రం కలిసొచ్చినప్పుడు పసుపు కుంకుమ పెట్టి ఒక రెమ్మ తీసుకుంటాం, గాదెలో పెట్టుకుంటే గింజలు తరగవని. అంతదాకా దాన్ని తాకం.” మూఢనమ్మకం అని మనసులో అనుకున్నాను. (మనసులోనే. అద్దె ఇల్లు కదా.) శనివారం అవ్వ కమలాపురంలో కూతురింటికి పోగానే దోటికి కొడవలి కట్టి, గంటసేపట్లో గుబురంతా నేలకు దించాను. చెట్టుకు పట్టిన రోగం వదిలించాననీ, రేపు పిట్టను కళ్లారా చూస్తాననీ మురిసిపోయాను.

ఆదివారం పిట్ట రాలేదు. సోమవారమూ రాలేదు. డ్రాయింగు మాస్టరు అడిగితే, “అది వలస పోయింది” అని కసిరాను. బడి వదిలేలోగా స్టాఫ్ రూము గోడ మీద చక్కటి బొమ్మ వెలిసింది. ఒక బోడి మామిడికొమ్మ, కింద ‘సైన్సు మాస్టరుగారి పిట్ట’ అని రాత. చించి పారేసి, ఇల్లు చేరేదాకా అతన్ని తిట్టుకుంటూ నడిచాను.

ఇంటికొచ్చేసరికి అవ్వ దొడ్లో నిలబడి ఉంది. వాడిపోయిన బదనిక మండ ఒకటి చేతికి తీసుకుని, గొట్టాల్లాంటి ఎర్రటి పూలను నాకు చూపించింది. తిడుతుందని ఎదురు జవాబులన్నీ సిద్ధం చేసుకున్నాను. “ఈ పూల తేనె కోసమే గదా అది వచ్చేది. పిట్టను చూడల్లని దాని కూడు నేలపాలు చేస్తివి నాయనా” అని మాత్రం అంది. బదనిక పిట్ట అని మొదటిరోజే చెప్పింది. పేరు చెప్పింది, రంగు చెప్పింది, ఎందుకొస్తుందో కూడా ఆ పేరులోనే చెప్పింది. వారం రోజులుగా అందరి మీదా తిరిగిన నా కోపానికి చివరికి నేనొక్కణ్ణే మిగిలాను.

ఇప్పుడు రిటైరై ప్రొద్దుటూరులో ఉంటున్నాను. మా పెరటి మామిడికి బదనిక పట్టింది. వచ్చినవాళ్లంతా చెట్టు చెడిపోతుంది, కొట్టించండి సార్ అంటారు. వాళ్ల మీద అరుస్తాను. శివరాత్రి దగ్గరపడితే పొద్దున్నే కుర్చీ వేసుకుని దాని కింద కూర్చుంటాను, నోటుబుక్కు లేకుండా. పిట్ట ఇంకా రాలేదు. ఈలోగా ఆ ఇరవై మూడేళ్ల మాస్టరు దోటి పట్టుకుని ఈ దొడ్లోకి వస్తే మాత్రం కాళ్లు విరగ్గొడతాను. ఆ తర్వాత పాపం, కూర్చోబెట్టి కాసిన్ని కాఫీ నీళ్లు పోస్తాను.