తరవాణిలో తాలికలు

రాజావారి సంస్థానం రోజులవి. గోదావరి ఒడ్డు నుంచి ఆవపల్లి దగ్గరి అడవి పల్లెకు కోడలిగా వచ్చి నాకింకా ఏడాది నిండలేదు. ఆ వేసవిలో ఊరి బావి ఎండిపోయింది. మా మామ పదిమందిని వెంటబెట్టుకుని పూడిక తీయడానికి దిగాడు.

మూడు రోజులు తవ్వినా బురదే తప్ప ఊట తగల్లేదు. మధ్యాహ్నం మేం మోసుకెళ్ళిన వేడి అన్నం, పప్పు ఆ ఎండలో ఎవరికీ గొంతు దిగేది కాదు. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునేవాళ్ళు. మూడో రోజు మామ కళ్ళు తిరిగి గట్టు మీదే కూలబడ్డాడు. అత్త ఆయన ముఖం తడిగుడ్డతో తుడుస్తూ, "తినకుండ తవ్వితే గిట్లనే అయితది" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఎండలు ముదిరినప్పుడు మా అమ్మమ్మ తాలికలు చేసి తరవాణిలో వేసి పెట్టేది. రోజూ వార్చిన గంజిని కుండలో పోసి పులియబెడితే అదే తరవాణి. అత్త ఇంట్లోనూ ఆ కుండ ఉంది.

"అత్తా, రేపు తాలికలు చేసి తరవాణిల వేస్త" అన్నాను ఇంటికొచ్చాక.

"తాలికలు పాలల్ల, బెల్లంల వేస్తరు గని పులిసిన నీళ్ళల్ల ఎవలన్న వేస్తరా?"

"మా అమ్మమ్మ వేసేది."

"మీ పుట్టింటోళ్ళు ఏదన్న తింటరు" అంది. వద్దని మాత్రం అనలేదు.

ఆ సాయంత్రమే తరవాణిని కొత్త కుండలోకి వంచి, వాగు దగ్గర తడి ఇసుకలో మెడ దాకా పాతిపెట్టి వచ్చాను. పొద్దున్నే బియ్యప్పిండిలో మరిగే నీళ్ళు పోసి ముద్ద చేశాను. పక్కింటి దోర్ల తెగ ఆమె వచ్చి కూర్చుంది. తన భాషలో ఏదో అంటూ, నవ్వుతూ, నాతోపాటు అరచేతుల మధ్య పిండిని సన్నగా పొడుగ్గా పేనింది. ఉడికిన తాలికలు అంటుకోకుండా వాగు చెలమ నీళ్ళలో జాడించి, ఇసుకలోంచి తీసి తెచ్చిన చల్లటి తరవాణిలో వేశాను. ఉల్లిపాయలు, పచ్చిమామిడి తురుము, నిప్పుల మీద కాల్చి నలిపిన ఎండుమిరప, ఉప్పు కలిపాను.

బావి దగ్గర కుండ దించగానే ఒకతను తొంగిచూశాడు.

"ఏంది వదినె ఇది? ఎర్రలు ఈదుతున్నయా?"

అందరూ నవ్వారు. వానపాములన్న మాటకు నా ముఖం మాడిపోయింది. అయినా అడ్డాకు దొప్ప నిండా పోసి మామ చేతికిచ్చాను. ఆయన ఒక గుక్క తాగి ఆగాడు. తాలికలు జుర్రుకున్నాడు. దొప్ప ఖాళీ చేసి మళ్ళీ ముందుకు చాపాడు.

"ఇంకింత పొయ్యి బిడ్డా."

అప్పటిదాకా ఆయన నన్ను బిడ్డా అని పిలవలేదు. ఈసారి దొప్ప అంచు దాకా పోశాను. ఆ తర్వాత అందరికీ పొయ్యడంతోనే నాకు తీరిక లేకపోయింది. ఎర్రలన్నవాడు నాలుగు దొప్పలు తాగి, చివరికి కుండే ఎత్తి పట్టుకున్నాడు.

రోజూ ఎండకు పని ఆపేసే మనుషులు ఆ మధ్యాహ్నం మళ్ళీ బావిలోకి దిగారు. పొద్దు వాలుతుండగా అడుగున ఒక బండ తగిలింది. గడ్డపార్లు వేసి దాన్ని పెకలించగానే కింద నుంచి నీళ్ళు బుడబుడమని పైకి వచ్చాయి. గోండిలో, దోర్లిలో, తెలుగులో ఒకేసారి కేకలు. మామ మోకాళ్ళ దాకా బురదతో పైకొచ్చి, ఆ బురద చేతినే నా తల మీద పెట్టాడు. గట్టు మీద నుంచి అత్త చూస్తూనే ఉంది.

మర్నాడు ఇంకా బావి లోపల చుట్టూ రాళ్ళతో ఒర కట్టాల్సిన పని మిగిలింది. నేను లేచేసరికి అత్త పిండి కలిపి కూర్చుని ఉంది.

"చూస్తవేంది, నీళ్ళు కాగినయ్. రా."

ఆమె చేసిన తాలికలు ఒక్కొక్కటి వేలంత లావున్నాయి. పక్కన కూర్చుని పిండి తీసుకున్నాను.