సెలవు ఎప్పుడు పెడతవక్కా

దయ్యాలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మలేదు. చిన్నప్పుడు తెనాలిలో పక్కింటి పిన్నికి పూనకం వస్తే అందరూ దణ్ణాలు పెడుతుంటే నేను పకపకా నవ్వి, అమ్మ చేతిలో వీపు విమానం మోత మోగించుకున్నదాన్ని. ఇది కూడా ఎవరినో నమ్మించాలని రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట పెడితే నాకైనా అర్థమవుతుందేమోనని.

మా ఆయనది వికారాబాద్. పెళ్లయ్యాక అక్కడే ఉంటున్నాం. నా ఉద్యోగం తాండూరులో, బ్యాంకులో. పొద్దున ప్యాసింజర్ ఎక్కితే గంటలోపు దిగుతాను.

మొదటి కడుపు ఐదో నెలలో పోయింది. అందుకే రెండోసారి నెల తప్పినప్పుడు ఆరో నెల దాటేదాకా ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెప్పాక సెలవు గురించి ఆలోచన మొదలైంది. మాకిచ్చేది ఆరు నెలలు. కాన్పుకు ముందు ఎన్ని రోజులు వాడుకుంటే తర్వాత అన్ని రోజులు తగ్గిపోతాయి. పసిగుడ్డును వదిలి రైలెక్కాలంటే ఒక్క వారమైనా ఆలస్యంగా ఎక్కుదామని నా లెక్క. నొప్పులు వచ్చేదాకా ఆఫీసుకు వెళ్లాలని నిర్ణయించుకున్నాను. మా అత్తమ్మ తిట్టింది. నేను వినలేదు. మొండిదాన్నని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఏడో నెలలో రైల్లో ఒకావిడ పరిచయమైంది. నేను ఎక్కేసరికే కిటికీ పక్కన కూర్చుని ఉండేది. ఆకుపచ్చ చీర, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, ఒళ్లో గుడ్డలో కట్టిన టిఫిన్. ఆవిడ కడుపు కూడా సరిగ్గా నాదంతే. తాండూరు కంటే ముందే, రుక్మాపూర్‌లో దిగేది. బండల గనిలో పని అని చెప్పింది. ఆవిడ పాదాలు మోకాళ్ల దాకా తెల్లటి బండ దుమ్ముతో ఉండేవి. పనికి వెళ్లేటప్పుడే ఆ దుమ్మేమిటని ఒకసారి అనుకున్నాను, అంతే.

"ఎన్నో నెలక్కా?" అని అడిగింది. ఏడు అన్నాను. "నాకు గూడ ఏడే" అంది. తర్వాత రోజూ ఒకటే ప్రశ్న.

"సెలవు ఎప్పుడు పెడతవక్కా?"

చివరిదాకా వస్తానని చెప్పేదాన్ని. "మీకు మంచిగ సెలవులు ఇస్తరు. నాకు ఇయ్యలే" అనేది. ఇవ్వడం లేదు కాబోలు అనుకున్నాను. ఆవిడ అన్నది మాత్రం 'ఇయ్యలే' అనే, అంటే ఇవ్వలేదని.

ఒక రోజు నేనే మాట కలిపి, నీకేం కావాలని అడిగాను. "నాకు బిడ్డనే కావాలె" అంది. కడుపుతో ఉన్నదానికి బిడ్డ కాక ఇంకేం కావాలి! నాకు నవ్వొచ్చింది. మొదటిది పోయిన బాధ కూడా గుర్తొచ్చి, మనసారా అన్నాను. "నాకూ బిడ్డే కావాలమ్మా. ఇంకేమీ అక్కర్లేదు."

ఆవిడ మొహంలో నవ్వు పోయింది. నా కడుపు వంక చూస్తూ, "ఇద్దరికెట్ల వస్తది?" అంది. రుక్మాపూర్ రాగానే దిగిపోయింది.

ఆ సాయంత్రం మా ఆయనకు చెబితే పడీ పడీ నవ్వాడు. "మా దిక్కు బిడ్డంటే ఆడపిల్లనే. ఆమె బిడ్డ కావాలన్నది, నువ్వు గూడ బిడ్డే కావాలన్నవ్" అన్నాడు. పెళ్లయి నాలుగేళ్లయినా ఆ మాట నాకు అలా ఎప్పుడూ తట్టలేదు. నేనూ నవ్వాను. కానీ 'ఇద్దరికెట్ల వస్తది' అన్న మాట మాత్రం లోపల ముల్లులా ఉండిపోయింది. రెండు కడుపుల్లో ఇద్దరు ఆడపిల్లలు ఎందుకు ఉండకూడదు?

ఎనిమిదో నెల ముగుస్తుండగా ఒక పొద్దున ఆవిడ అడక్కుండానే నా కడుపు మీద చెయ్యి పెట్టింది. అప్పటిదాకా లోపల కాళ్లాడిస్తున్న నా బిడ్డ టక్కున ఆగిపోయింది. "పండుకున్నది. లేపకు" అని చెప్పి ఆవిడ దిగిపోయింది.

పదకొండింటికి చూశాను, కదలిక లేదు. చల్లటి నీళ్లు తాగాను. బెల్లంముక్క తిన్నాను. రికార్డు గదిలో బెంచీ మీద ఎడమ పక్కకు తిరిగి పడుకుని వేళ్లు మడుస్తూ లెక్కపెట్టడానికి చూశాను. లెక్కపెట్టడానికి ఒక్కటీ రాలేదు. అంత భయం నా జీవితంలో ఎరగను. పక్క సీటు అమ్మాయి నన్ను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. మధ్యాహ్నం రెండింటికి ఆపరేషన్ చేశారు. పేగు మెడకు రెండు చుట్లు చుట్టుకుని ఉందట. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పింది.

ఆడపిల్ల. బతికింది.

నా లెక్కలేవీ పనికిరాలేదు, సెలవు ఆ రోజు నుంచే మొదలైంది. ఆ ఆరు నెలలూ పాపను పక్కలో వేసుకుని ఒకటే ఆలోచించాను. ఆవిడ చెయ్యి పెట్టబట్టి నా బిడ్డ ఆగిపోయిందా, ఆగిపోవడం గమనించి ఆవిడ హెచ్చరించిందా? హెచ్చరించేదైతే లేపకు అని ఎందుకంటుంది?

సెలవు అయిపోయింది. మొదటి రోజు గుమ్మం దాటుతూ "వెళ్తున్నా" అన్నాను. అత్తమ్మ చేతిలో పాపతోనే కసిరింది. "పోయొస్త అను. గట్ల పోతున్న అనొద్దు." వెనక్కి వచ్చి, సరిగ్గా చెప్పి వెళ్లాను.

ఎప్పటి పెట్టెలోనే ఎక్కాను. కిటికీ పక్కన ఆవిడ ఉంది. అదే ఆకుపచ్చ చీర. మోకాళ్ల దాకా బండ దుమ్ము. ఒళ్లో టిఫిన్.

కడుపు కూడా అంతే ఉంది.

ఎదురు సీట్లో కూర్చున్నాను. ఆరు నెలల కింద ఎనిమిది నిండిన మనిషి.

"సెలవు అయిపోయిందా అక్కా?" అని పలకరించింది. నేను తలూపాను. "బిడ్డనే గదా?" అని అడిగింది.

ఈసారి ఆ మాటకు అర్థం నాకు తెలుసు. "కాదు, కొడుకు" అన్నాను. ఎందుకన్నానో ఆలోచించే వ్యవధి కూడా లేదు, నోట్లోంచి వచ్చేసింది.

ఆవిడ నా కళ్లలోకి చూసింది. తర్వాత ఆవిడ మొహం తేటపడింది. తన కడుపు నిమురుకుంటూ, "అట్లయితే నా బిడ్డ ఇంకా రావాలె" అంది. రుక్మాపూర్‌లో దిగబోతూ తలుపు దగ్గర ఆగి అడిగింది.

"మళ్ల సెలవు ఎప్పుడు పెడతవక్కా?"

తాండూరులో ఒక క్లినిక్‌లో పనిచేసే నర్సు అప్పట్లో మా పెట్టెలోనే వచ్చేది. ఆ ఆకుపచ్చ చీర ఆవిడ నీకు కనిపించిందా అని అడిగాను. "ఎందుకు కనవడది? రోజు వస్తది గదా మేడం, పాపం కడుపుతోని" అంది మామూలుగా. ఎప్పటి నుంచి చూస్తున్నావన్నాను. "నేను డ్యూటీల చేరినప్పటి సంది... రెండేండ్లు..." అంటూ మధ్యలో ఆగిపోయింది. మర్నాటి నుంచి ఆ అమ్మాయి వేరే పెట్టెలో ఎక్కడం మొదలుపెట్టింది.

ఆవిడ కడుపులో గడ్డేదో ఉండి ఉంటుందంటాడు మా ఆయన. ఉండొచ్చు. అలాంటి జబ్బులున్నాయి. మరి నాతో పాటు ఏడు, ఎనిమిది అని నెలలెందుకు లెక్కపెట్టింది?

నేను బస్సుకు మారిపోయాను. పాపకు రెండేళ్లు నిండాయి, రైలు చూపించమని పేచీ పెడుతుంది, ఇంతవరకు స్టేషన్ వైపు తీసుకెళ్లలేదు. ఇంకొకరు పుడితే దీనికి తోడుంటుందని అత్తమ్మ అన్నప్పుడల్లా మాట మారుస్తాను. మళ్లీ కోత పడుతుందని భయమనుకుంటున్నారు. నేను కాదనను. నాకూ ఇంకొకరు కావాలనే ఉంది. కానీ ఆ రోజు కొడుకని అబద్ధమాడి ఒక బిడ్డను దాచుకున్నాను. ఆవిడ ఇప్పుడు ఎదురుచూసేది నేను దాచుకున్న ఈ బిడ్డ కోసమో, ఇంకా పుట్టని బిడ్డ కోసమో నాకు తెలియదు.