పై నుంచి కనిపించిన గీత

మా పొలం కింది మూల చౌడెక్కి చాలా ఏళ్లయింది. అక్కడ చెరుకు మోకాలెత్తున ఆగి ఎండిపోయేది, మట్టి మీద తెల్లటి పొర పేరేది. పక్క పొలం మా మరిదిది. అతను నీళ్లు ఎక్కువ పెట్టడం వల్లే ఊట మా వైపు దిగుతోందని నేను తిట్టని రోజు లేదు. మా ఆయన పోయాక నాకున్నది ఆ పొలమొక్కటే. చౌడేమో ఏటేటా లోపలికి జరుగుతోంది.

ఒకరోజు కోటగిరి నుంచి వ్యవసాయ అధికారి వచ్చింది, చిన్న వయసు పిల్ల. గట్టు మీద కూర్చుని, ఉపగ్రహం తీసిన మా పొలం బొమ్మను పెద్ద ఫోన్లో చూపించింది.

"నేను గూడ కనపడ్తనా బిడ్డా?"

"మనుషులు కనపడరవ్వా. పొలాలు, కాల్వలే."

"మా బర్రె?"

"అది గూడ కనపడదు," అని నవ్వింది.

వేలితో జరిపితే ఏళ్లు వెనక్కి పోతున్నాయి. నాకు చూపు తిప్పుకోబుద్ధి కాలేదు. రొట్టెంత ఉన్న తెల్ల మచ్చ రూపాయి బిళ్లంత అయింది, ఆపైన లేనే లేదు. మచ్చ లేని బొమ్మలో మాత్రం, మాకూ మరిదికీ నడుమ నల్లటి గీత ఉంది.

"గిదేం గీత అవ్వా? తర్వాతి ఏడాది బొమ్మల కనపడ్తలేదు."

అది మురుగు కాలువ. ఇంకో రెండు సాళ్ల చెరుకు పడుతుందని మా ఆయనా నేనూ పూడ్చాం. మట్టి మోసింది నేనే. పోయే దారి లేక నీళ్లు లోపలే నిలిచి ఉప్పును పైకి తెచ్చాయని ఆ పిల్ల విడమరిచి చెప్పింది.

"గిప్పుడు తవ్వితే చౌడు పోతదా?"

"పోయిన మూల బాగుపడాలంటే ఏండ్లు పడ్తది. మిగిలింది మాత్రం నిలుస్తది."

అటునుంచి అటే మరిది ఇంటికి పోయాను.

"తమ్మీ, ఆకాశంకెల్లి తీసిన బొమ్మల సూసిన. గా మురుగు కాల్వ మళ్ల తవ్వాలె. జర సాయం రా."

"పూడ్చొద్దని నేను మొత్తుకుంటే ఇనకపోతివి వదినె. ఆకాశం జెప్తే ఇన్నవా?"

"నువ్వు మొత్తుకున్నవు. అది సూపెట్టింది."

అతను పార తీశాడు.

గీత ఉన్నచోట మా సాళ్లు రెండూ ముందు నరకాలి. గడ ఇంకా ముదరలేదు. కొడవలి నేనే పెట్టాను. కాలువ ఎంత లోతుండేదో ఇద్దరికీ గుర్తు లేదు. రోజూ కొంత తవ్వుతూ పోయాం. నడుము లోతున నీరు ఊరింది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఒట్టి ఉప్పు. ఆ నీరు మెల్లగా పొలం బయటి వైపుకు కదులుతుంటే ఇద్దరం పారలు ఆపి చూస్తూ నిలబడ్డాం.