బాంబ్‌ప్రూఫ్ గదిలో కోళ్ళు

ఆ రోజుల్లో ఇంగ్లీషు వచ్చినవాడికి ఉద్యోగం రాకపోయినా గౌరవం మాత్రం దొరికేది. తొంభైల చివర్లో నాకు ఆ రెండూ ఒకేసారి సీలేరు పైన కొండల్లో రోడ్డు పనిలో దొరికాయి. (కొత్త బి.ఏ.ల్లో ఇంత ఎత్తైన ఉద్యోగం ఎవరికీ వచ్చి ఉండదు, సముద్రమట్టం నుంచి కొలిస్తే.) కొండను పేల్చి రోడ్డు వేస్తున్నారు. రాళ్ళు ఎగిరొస్తే పక్క ఊరివాళ్ళు తలదాచుకోవడానికి ఇంజనీరుగారు కాంక్రీటు గది ఒకటి కట్టించి, దానిమీద ఇంగ్లీషులో 'బాంబ్‌ప్రూఫ్' అని రాయించారు. "రేపు మొదటి పేలుడు. ఊళ్ళో ఒక్కరికి చిన్న దెబ్బ తగిలినా నువ్వు బస్సెక్కడమే" అని హెచ్చరించి, ఆ 'బాంబ్‌ప్రూఫ్' అన్న మాటను ఊరికి బోధించే పని నాకు అప్పగించారు.

నాకు ఉత్సాహం ఆగలేదు. ఊరందరినీ కూర్చోబెట్టి ఆ విశేషణం పుట్టుపూర్వోత్తరాలు చెప్పాను. నీళ్ళకు లొంగనిది వాటర్‌ప్రూఫ్, బాంబుకు లొంగనిది బాంబ్‌ప్రూఫ్. గోడకు వాడొచ్చు, తలుపుకు వాడొచ్చు. అందరూ మామ్మ అని పిలిచే పెద్దావిడ చెయ్యెత్తింది.

"మా కోడిపెట్టకి వాడొచ్చేటి బాబూ?"

"కోడికి కాదు మామ్మా, గదికి. లోపలున్నదానికి ఏమీ కాదు."

"ఏటున్నానా?"

"ఏదున్నా!" అన్నాను, క్లాసు ఇంత బాగా జరిగినందుకు పొంగిపోతూ.

మర్నాడు సైరన్ మోగింది. గది దగ్గరకు పరుగెత్తి తలుపు తీశాను. లోపల కోళ్ళు, చోడి (రాగి) విత్తనాల బస్తాలు, పనసకాయలు, ఒక మేక, చర్చి డోలు ఉన్నాయి. మనిషి జాడ లేదు.

"ఏటి సేత్తన్నావక్కడ? బేగి రా, పేలిపోద్ది!" మామ్మ వెనకనుంచి నా చెయ్యి పట్టుకుంది.

"మనుషులేరి మామ్మా?"

"కొండవతలకెల్లిపోనారు. మాకు కాళ్ళున్నాయి గదా. పనసకాయలకున్నాయేటి?"

తలుపు గడియ పెట్టి నన్ను ఈడ్చుకుంటూ ఊరి వెనకున్న వేరే కొండెక్కింది. నేను రొప్పుతున్నాను, ఆవిడ మాట్లాడుతూనే ఉంది. అవతలివైపు ఊరంతా ఉంది. ఢామ్మంది! కాళ్ళకింద నేల అదిరింది, పిల్లలు ఈలలేశారు, నేనూ వేశాను. (డిగ్రీ ఉన్న సంగతి కాసేపు మరిచాను.)

మేం దిగివచ్చేసరికి ఇంజనీరుగారు గది తలుపు తీస్తున్నారు. ఒక కోడి నేరుగా ఆయన హెల్మెట్ మీదికెక్కింది. ఆయన గదిలోకి చూశారు, కేరింతలు కొడుతూ దిగుతున్న జనాన్ని చూశారు, చివరికి నన్ను చూశారు. నా కళ్ళకు బస్సు కనిపించింది.

"ఎవరికైనా దెబ్బలు తగిలాయా?"

"లేదు సార్."

"కోళ్ళకి?"

"లేదు సార్."

ఆయన హెల్మెట్ మీది కోడిని కిందికి దించారు. "రేపు ఇంకో పేలుడుంది. వాటికి నీళ్ళు పెట్టించు" అని జీపెక్కారు.

ఆ పనిలో చాలాకాలమే ఉన్నాను. మాటకు అర్థం చెప్పేస్తే పని అయిపోయినట్టేనని నమ్మిన ఆ కుర్రవాడంటే నాకిప్పటికీ ముచ్చటే. ఈ వయసులో నన్నెవరైనా ఇంగ్లీషు మాటకు అర్థమడిగితే, ముందు వాళ్ళింట్లో ఏమేం ఉన్నాయో కనుక్కుంటాను.